మిద్దె మీది గదికి నెట్: కరెంటు వైరా, క్యాట్6 కేబులా, మెష్షా?

మా అక్కవాళ్ల ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో. కింద అక్కా బావా ఉంటారు. మొదటి అంతస్తు అద్దెకిచ్చారు. దాని పైన ఒకే ఒక్క గది, అందులో కూర్చుని మా మేనల్లుడు ఇంటినుంచే ఉద్యోగం చేస్తాడు. ఫైబర్ పెట్టె ఉన్నది కింద హాల్లో, టీవీ వెనక. రెండు స్లాబులు దాటి పైకి చేరేసరికి వై-ఫై గుర్తులో ఒక్క గీత మిగిలేది. మీటింగ్ మధ్యలో అదీ పోయేది.

"మామా, ఏ గదిలో చూసినా కరెంటు ప్లగ్ ఉంది కదా. నెట్ కూడా దాంట్లోంచే వస్తే పోలా?" అన్నాడు ఒకరోజు.

వస్తుందిరా అన్నాను. వచ్చింది కూడా. కాకపోతే దారికి రావడానికి మూడు వారాలు పట్టింది, అందులో రెండు వారాలు నా తెలియనితనానికే పోయాయి. అప్పటినుంచి చుట్టాల్లో ఎవరింట్లో నెట్ అందకపోయినా ఫోన్ నాకే. ప్రతివాళ్లకూ మొదటినుంచి చెప్పలేక ఇది రాస్తున్నాను. (పైన క్యాట్6 అన్నది రౌటర్ నుంచి లాగే నెట్ కేబులు. మెష్ అంటే ఒకే పేరుతో వై-ఫై ఇచ్చే రెండు మూడు పెట్టెల సెట్టు.)

జబ్బు వీధిలో ఉందా, ఇంట్లో ఉందా

ఏదైనా కొనకముందు ఒక పని చెయ్యండి. రౌటర్ పక్కన కూర్చుని, వీలైతే ల్యాప్‌టాప్‌ను వైరుతో రౌటర్‌కు తగిలించి, స్పీడ్ టెస్ట్ చెయ్యండి. అదే ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ఇబ్బంది పడుతున్న గదిలో మళ్లీ చెయ్యండి. రౌటర్ దగ్గరే స్పీడు లేకపోతే జబ్బు వీధిలో ఉన్నట్టు. ఆపరేటర్‌కు ఫోన్ చెయ్యడమో, ప్లాన్ మార్చడమో, కంపెనీనే మార్చడమో చెయ్యాలి. కింద నేను చెప్పే వస్తువులేవీ మీకు పనికిరావు. రౌటర్ దగ్గర 100 ఎంబీపీఎస్ వచ్చి పైన 4 వస్తుంటే జబ్బు ఇంట్లో ఉంది. మిగతాది మీ కోసమే.

ఇంటి జబ్బుకు కూడా అన్నిటికన్నా చవకైన మందు ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు. పెట్టె జరపడం. కనెక్షన్ ఇచ్చినరోజు కుర్రాడికి తలుపు పక్కన ఏది దగ్గరైతే అక్కడ బిగించి పోతాడు. చాలా ఇళ్లలో అది ముందు హాల్లో, ఒక మూల, టీవీ వెనక. ఫైబర్ తీగ దారంలా సన్నగా ఉంటుంది, మెట్ల పక్కగా పైకి తీసుకెళ్లడం పెద్ద పని కాదు. మూడంతస్తుల ఇంట్లో పెట్టెను మధ్య అంతస్తు మెట్ల దగ్గరకు మారిస్తే పైకీ కిందికీ ఒక్కో స్లాబే అడ్డం. సగం ఇళ్లలో కథ అక్కడితో ముగుస్తుంది. అక్కవాళ్ల ఇంట్లో మధ్య అంతస్తు అద్దెవాళ్లది, అందుకే మాకు కుదరలేదు.

కరెంటోళ్లే నెట్ ఇవ్వొచ్చు కదా?

మన వైపు జిల్లాలకు కరెంటిచ్చే దక్షిణ డిస్కం హెడ్డాఫీసు తిరుపతిలోనే ఉంది కాబట్టో ఏమో, ఈ ప్రశ్న ఇక్కడ తరచూ వింటాను. ఇంటికి కరెంటు తీగ ఎలాగూ వస్తోంది, అందులోనే నెట్ పంపితే వీధంతా తవ్వే పని ఉండదు కదా అని.

ఆలోచన కొత్తదేమీ కాదు. సబ్‌స్టేషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కరెంటు శాఖలు దశాబ్దాలుగా హైటెన్షన్ లైన్లనే వాడుకుంటున్నాయి. అక్కడ పంపేది మాటలూ, రక్షణ సిగ్నళ్లూ, కొద్దిపాటి సమాచారం. ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వాలంటే లెక్క మారిపోతుంది. ఇంట్లో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. నెట్ సిగ్నల్ అదే తీగ మీద సెకనుకు 20 లక్షల నుంచి 3 కోట్ల సార్లు ఊగాలి, అంటే 2 నుంచి 30 మెగాహెర్ట్జ్. నిదానంగా ఊగే ఉయ్యాల తాడును వేలితో మీటితే సన్నగా వణుకుతుంది చూశారా, అలాంటిది. ఉయ్యాల ఆగదు, వణుకూ ఆగదు, అటు చివర చెయ్యి పెట్టినవాడికి వణుకు తెలుస్తుంది.

ఆ వణుకును ట్రాన్స్‌ఫార్మర్ దాటనివ్వదు. అది 50 హెర్ట్జ్ కోసం చుట్టిన చుట్ట. అందుకని ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా సిగ్నల్‌ను పక్కదారిలో దాటించే పెట్టె పెట్టాలి. రెండో చిక్కు ఇంకా పెద్దది. స్తంభాల మీద బోసిగా వేలాడే తీగ ఇంత ఫ్రీక్వెన్సీ దగ్గర ఏరియల్‌లా పనిచేస్తుంది. లోపలి సిగ్నల్ బయటికి చిమ్మి, షార్ట్‌వేవ్ రేడియో, హామ్ రేడియో (సరదాకు సొంత రేడియోలో మాట్లాడుకునే) వాళ్ల చెవుల్లో గోల పెడుతుంది. బయటి గోల తీగలోకి వస్తుంది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ ప్రాంతంలో నార్‌టెల్, యునైటెడ్ యుటిలిటీస్ కలిసి 1990ల చివర ప్రయత్నించి 1999లో వదిలేశాయి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మనాసస్ అనే ఊరు 2005లో ఊరంతటికీ ఇలా నెట్ ఇచ్చింది. హామ్ రేడియో వాళ్లతో గొడవలు, చేరినవాళ్లు తక్కువ, 2010లో మూసేసింది. ఆలోపు ఫైబర్ వచ్చేసింది.

మన రాష్ట్రంలో జరిగింది ఇంకో తమాషా. ఏపీ ఫైబర్‌నెట్ భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఫైబర్ లాగింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయల ప్లాన్‌తో మొదలైంది. స్తంభం కరెంటుదే, తీగ మాత్రం వేరు. ఇప్పటి పెద్ద టవర్ లైన్లలో చాలావాటికి అన్నిటికన్నా పైన కట్టే ఎర్త్ తీగ కడుపులో కూడా ఫైబరే ఉంటుంది. కరెంటు వ్యవస్థ నెట్‌ను మోస్తోంది, రాగిలో మాత్రం కాదు.

కాబట్టి వీధి నుంచి ఇంటిదాకా కరెంటు తీగలో నెట్ కోసం ఎదురుచూడకండి. ఇంటి లోపల మాత్రం ఆ ఆలోచన బతికే ఉంది. దాన్నే పవర్‌లైన్ అడాప్టర్ అంటారు, జతగా అమ్ముతారు. ఒకటి రౌటర్ దగ్గర ప్లగ్‌లో పెట్టి రౌటర్‌తో కలపాలి. రెండోది పై గది ప్లగ్‌లో పెడితే దాంట్లోంచి నెట్ బయటికొస్తుంది. మధ్యలో ఉన్నది గోడలో ఎప్పుడో వేసిన కరెంటు వైరే.

వేటిని చూసి తేల్చుకోవాలి

అడ్డం ఏమిటన్నది మొదటిది. ఇనుప కడ్డీల స్లాబు వై-ఫైకి గట్టి శత్రువు. ఇటుక గోడ అంత కాదు. 5 గిగాహెర్ట్జ్ వై-ఫై స్పీడు ఎక్కువ, స్లాబు ముందు తొందరగా చచ్చిపోతుంది. 2.4 కాస్త దూరం పోతుంది, కానీ పక్కింటి రౌటర్లన్నీ అక్కడే తోసుకుంటుంటాయి. చిత్తూరు, మదనపల్లె వైపు పాత ఇళ్లలో రాతి గోడలుంటాయి. వాటి ముందు రెండూ ఒకటే.

రెండోది మీటర్. రౌటర్ ఉన్న చోటూ, నెట్ కావాల్సిన గదీ ఒకే మీటర్ మీద ఉన్నాయా? మీటర్ ఒకటే అయినా ఒకే ఫేజ్ మీద ఉన్నాయా? ఏసీలు రెండు మూడు పెట్టుకున్న ఇళ్లకు త్రీ ఫేజ్ ఉంటుంది, ఒక్కో అంతస్తు ఒక్కో ఫేజ్ మీద వేసి ఉండొచ్చు. పవర్‌లైన్ కొనేవాళ్లకు ఇదే ప్రాణం. మిగతావాళ్లకు అక్కర్లేదు.

ఇక గోడకు రంధ్రం వెయ్యనిస్తారా అన్నది. ఓనరు మీరైతే మీ ఇష్టం. కొర్లగుంటలోనో కేటీ రోడ్డులోనో అద్దె పోర్షన్‌లో ఉంటే మేకు కొట్టడానికే అడగాలి.

పని ఏమిటన్నది కూడా చూడాలి. హెచ్‌డీ వీడియో కాల్‌కు 3, 4 ఎంబీపీఎస్ చాలు, కానీ అది ఆగకుండా రావాలి. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు కదా, అప్పుడు కావలసిందీ అదే. ఒకసారి 80, ఒకసారి సున్నా కొట్టే లైను కన్నా నికరంగా 20 ఇచ్చేది మేలు. పెద్ద ఫైళ్లు దించేవాళ్లకు, ఇంట్లో నలుగురు నాలుగు సినిమాలు చూసేవాళ్లకు మాత్రం పెద్ద అంకె కావాలి.

చివరిది, కరెంటు పోయినప్పుడు ఏమవుతుంది. ఎండాకాలంలో ఈ ప్రశ్న ఎందుకో చెప్పక్కర్లేదు.

| మార్గం | ఎక్కడ బాగుంటుంది | ఎక్కడ దెబ్బతింటుంది | గోడ పని | కరెంటు పోతే | ఖర్చు |
|---|---|---|---|---|---|
| రిపీటర్ (వై-ఫైని అందుకుని మళ్లీ పంపే పెట్టె) | ఒక్క గోడ అవతల, ఫోన్ చూసుకోవడానికి | స్లాబులు దాటాలంటే | లేదు | ఇన్వర్టర్ ప్లగ్‌లో ఉంటే నడుస్తుంది | అన్నిటికన్నా తక్కువ |
| మెష్ సెట్ | వెడల్పు ఇల్లు, తెరిచి ఉన్న మెట్ల దారి | రాతి గోడలు, రెండు స్లాబులు | లేదు | ప్రతి పెట్టెకూ బ్యాకప్ ఉండాలి | ఎక్కువ |
| పవర్‌లైన్ జత | ఒకే మీటర్, ఒకే ఫేజ్, మంచి వైరింగ్ | త్రీ ఫేజ్, పాత జాయింట్లు, ఇన్వర్టర్ లైన్ | లేదు | రెండు ప్లగ్గులూ ఇన్వర్టర్ మీద ఉంటేనే ఆశ | మధ్యస్థం |
| క్యాట్6 కేబులు | ఎక్కడైనా, 100 మీటర్ల లోపు | రంధ్రం వెయ్యనివ్వని ఇంట్లో | ఉంది | కేబులుకు కరెంటుతో పనిలేదు, రెండు చివరలకే బ్యాకప్ | వస్తువు తక్కువ, కూలి ఎక్కువ |
| పై గదికి విడిగా 5జీ ఎయిర్ కనెక్షన్ (టవర్ నుంచి గాలిలో వచ్చే నెట్) | మేడ మీద, టవర్ సిగ్నల్ బాగా ఉన్న చోట | సిగ్నల్ లేని సందుల్లో | కొద్దిగా | పెట్టెకు బ్యాకప్ ఉంటే నడుస్తుంది | నెలనెలా |

పవర్‌లైన్: పెట్టె మీది అంకె, ప్లగ్‌లోని నిజం

ముందు అంకెల సంగతి. ఈ పరికరాలకు హోమ్‌ప్లగ్ అనే ప్రమాణం 2001లో 14 ఎంబీపీఎస్‌తో మొదలైంది. 2005లో ఏవీ పేరుతో 200 అయింది. ఆ తర్వాత ఏవీ2 వచ్చింది. ఇప్పుడు పెట్టెల మీద 600, 1000, 2000 అని కనిపిస్తాయి. ఆ అంకెలో రెండు వైపుల రాకపోకలూ, లోపలి సరంజామా ఖర్చూ అన్నీ కలిపే ఉంటాయి. పోయేదీ వచ్చేదీ ఒకే తీగ మీద వంతులవారీగా నడుస్తాయి. మీ చేతికొచ్చేది అందులో మూడో వంతు కూడా ఉండదనుకునే కొనండి. పైగా 600 రకంలో చాలావాటికి వెనక ఉండే పోర్టు 100 ఎంబీపీఎస్‌దే. పెట్టె మీద ఆరొందలు రాసినా ఆ సందులోంచి వందకు మించి బయటికి రాదు. మీ ప్లాన్ 100 దాటితే గిగాబిట్ పోర్టు ఉన్నదా అని అడిగి తీసుకోండి.

పని చేసే తీరు మాత్రం ముచ్చటగా ఉంటుంది. సిగ్నల్‌ను వెయ్యికి పైగా సన్నని పాయలుగా చీల్చి పంపుతుంది. ఏ పాయలో గోల ఎక్కువుంటే దాంట్లో తక్కువ పంపుతుంది, మరీ ఎక్కువైతే ఆ పాయను వదిలేస్తుంది. అందుకే మిక్సీ వేసినా నెట్ పూర్తిగా ఆగదు, కుంటుతుంది. మిక్సీలోనూ డ్రిల్లింగ్ మెషిన్‌లోనూ బ్రష్‌ల దగ్గర మెరుపులు వస్తాయి చూడండి, ఆ మెరుపులే గోల. నాసిరకం ఫోన్ చార్జర్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు, పాత ఫ్యాన్ రెగ్యులేటర్లు కూడా తక్కువేం కాదు. అక్క పొద్దున్నే చట్నీకి మిక్సీ వేస్తే పైన మేనల్లుడికి తెలిసిపోయేది.

ఇప్పుడు నేను రెండు వారాలు పోగొట్టుకున్న కథ. టీవీ వెనక ప్లగ్గులు చాలక స్పైక్ బస్టర్ పెట్టుకున్నారు అక్కవాళ్లు. మొదటి అడాప్టర్‌ను అందులోనే గుచ్చాను. దీపం వెలిగింది, నెట్ నత్తనడక. వారం రోజులు కంపెనీని తిట్టుకున్నాను. స్పైక్ బస్టర్ ఉన్నదే కరెంటు మీది సన్నని వణుకులను మింగడానికి. మన నెట్ కూడా దానికి ఒక వణుకే కదా! గోడ ప్లగ్‌లోకి మార్చగానే ప్రాణం లేచివచ్చింది. మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా వద్దు. నేరుగా గోడకే.

రెండో వారం ఇన్వర్టర్‌కు బలి. పై గదిలో ఒక స్విచ్ బోర్డు ఇన్వర్టర్ లైన్‌ది, ఇంకోటి నేరుగా మెయిన్‌ది. నేను ఇన్వర్టర్ బోర్డులో పెట్టాను, కరెంటు పోయినా నెట్ ఉంటుందని తెలివిగా. కింద రౌటర్ దగ్గరది మెయిన్ లైన్‌ది. మధ్యలో ఇన్వర్టర్ పెట్టె అడ్డు, సిగ్నల్ అందులో ఇంకిపోయింది. మా ఎలక్ట్రీషియన్ వచ్చి, "అన్నా, ఇది యాడికి పోతాదో చూసుకోకుండా పెడితే ఎట్లా?" అని మెయిన్ బోర్డు తెరిచి చూపించాడు. రెండూ ఒకే వైపు ఉండాలి. మెయిన్ మీద పెడితే రెండూ మెయిన్ మీద, ఇన్వర్టర్ మీద పెడితే రెండూ ఇన్వర్టర్ మీద. ఇన్వర్టర్ మీద పెట్టినా ఒక మెలిక ఉంది. కరెంటు పోయి బ్యాటరీకి మారే క్షణంలో లింకు తెగి మళ్లీ కలుస్తుంది. సైన్‌వేవ్ కాకుండా స్క్వేర్‌వేవ్ ఇచ్చే పాత ఇన్వర్టరైతే అదే పెద్ద గోల.

త్రీ ఫేజ్ ఇళ్ల గురించి ఖచ్చితంగా ఇంతే వస్తుందని ఎవరూ చెప్పలేరు. వేర్వేరు ఫేజుల వైర్లు మెయిన్ బోర్డులో పక్కపక్కనే పోతాయి కాబట్టి సిగ్నల్ కొంచెం ఇటునుంచి అటు దూకుతుంది. కొన్ని ఇళ్లలో అదే చాలు. కొన్నింట్లో అసలు దొరకదు. లీకేజీకి ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీలు కూడా కొంత తినేస్తాయి. అయినా దాన్ని తీసేయాలన్న ఆలోచన కలలో కూడా రానివ్వకండి, అది ప్రాణాలు కాపాడే వస్తువు.

ఏవీ2 రకాలు ఖరీదెక్కువ. వాటిలో కొన్ని ఫేజూ న్యూట్రల్‌తో పాటు ఎర్త్ వైరును కూడా వాడుకుని రెండో దారి తెరుస్తాయి. మూడు పిన్నులుండేది అందుకే. మన ఇళ్లలో ఎర్త్ రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. అలాంటి ఇంట్లో ఆ అదనపు డబ్బు దండగ. ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించుకోండి, నెట్ కోసం కాకపోయినా.

ఇంకో రెండు ముక్కలు. హోమ్‌ప్లగ్ రకం, జీ.హెచ్ఎన్ అనే ఇంకో ప్రమాణం రకం ఒకదానితో ఒకటి మాట్లాడవు. తర్వాత మూడోది కొనేటప్పుడు పాత పెట్టె చూసి అదే రకం తెచ్చుకోండి. అపార్ట్‌మెంట్‌లో అయితే కొన్న రోజే పెయిర్ బటన్ నొక్కండి. హోమ్‌ప్లగ్ ఏవీ పరికరాలు కంపెనీ నుంచి ఒకే తాళంచెవితో వస్తాయి. సిగ్నల్ మీటర్ దగ్గరే ఆగిపోతుందన్న హామీ లేదు. పక్కింటాయనా అలాంటిదే కొంటే మీ ఇల్లూ ఆయన ఇల్లూ ఒకటైపోవచ్చు. బటన్ నొక్కితే మీ జతకు సొంత తాళం పడుతుంది.

కేబులు: మొరటు పద్ధతి, నమ్మకమైన పద్ధతి

ఓనరు మీరైతే, ఒక పూట డ్రిల్లింగ్ దుమ్ము భరించగలిగితే, ఇక ఆలోచించే పనిలేదు. కేబులే వేయించండి. క్యాట్5ఈ కూడా 100 మీటర్ల దాకా గిగాబిట్ ఇస్తుంది. క్యాట్6 ఇంకొంచెం గట్టిది. మిక్సీకి వణకదు, స్లాబుకు భయపడదు, పక్కింటి రౌటర్‌తో పేచీ లేదు.

మోసం జరిగేది వైరు కొనేచోటే. పేరు చెప్పను గానీ, ఒక దుకాణంలో క్యాట్6 అని నాకు అంటగట్టింది అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు. క్లిప్ కొట్టేటప్పుడే ఒకటి రెండు పోగులు పుటుక్కున విరిగాయి. తీగ చివర కత్తితో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దని చెప్పండి. కట్ట బరువులో కూడా తేడా తెలిసిపోతుంది, రాగి బరువు.

కరెంటు వైర్లు పోయే పైపులోనే దీన్ని కూడా దూరుస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పని సులువే, కానీ ఎక్కడో ఒకచోట కరెంటు వైరు పొర చీలితే 230 వోల్టులు మీ ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి. విడి పైపు వేయాలి, లేదా బయటి గోడ వెంబడి తీసుకెళ్లాలి. బయటినుంచైతే ఎండకు ఆగే నల్ల తొడుగు వైరు అడగండి. మన ఎండలకు మామూలు తొడుగు పెళుసెక్కి పగిలిపోతుంది.

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు ఈ గొడవంతా ఎందుకు చదువుతున్నారో నాకు అర్థం కాదు! స్లాబు వేసేముందు, కన్సీల్డ్ పైపులు పరిచే రోజు, గదికొక ఖాళీ పైపు మెట్ల కింది ఒక చోటికి వచ్చేలా వేయించుకోండి. ఈరోజు వైరు వేయకపోయినా సరే.

మెష్, రిపీటర్, ఎయిర్ కనెక్షన్

రిపీటర్ గురించి ఎక్కువ చెప్పను. విన్నదాన్ని మళ్లీ అరిచి చెప్పే మనిషి లాంటిది. ఒకే రేడియో ఉన్న రకమైతే దాంతోనే వినాలి, చెప్పాలి కాబట్టి స్పీడు సగానికి పడుతుంది. పైగా చాలామంది దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. వినబడని చోట కూర్చున్నవాడు ఏం చెబుతాడు?

మెష్ దానికి చదువుకున్న తమ్ముడు. రెండు మూడు పెట్టెలు కలిసి ఒకే పేరుతో నెట్ ఇస్తాయి. నడుస్తూ పోతుంటే ఫోన్ తనంతట తాను దగ్గరి పెట్టెకు మారుతుంది. ఖరీదైన సెట్లలో పెట్టెలు తమలో తాము మాట్లాడుకోవడానికి విడి రేడియో ఉంటుంది. మెట్ల దారి తెరిచి ఉన్న ఇళ్లలో, మెట్ల మలుపులో ఒకటి పెడితే పైకి బాగా అందుతుంది. మెట్లు ఇంటి బయట ఉండి, అంతస్తుల మధ్య స్లాబు తప్ప ఇంకే సందూ లేకపోతే డబ్బు పెట్టినంత ఫలం రాదు. మన ఊళ్లో అద్దెలకిచ్చే ఇళ్లన్నీ దాదాపు ఆ తీరే. మెష్ పెట్టెల మధ్య కేబులు వేయగలిగితే మాత్రం అంతకు మించింది లేదు. కేబుల్ వేయలేకపోతే వాటి మధ్య పవర్‌లైన్ జత పెట్టినా నడుస్తుంది.

5జీ ఎయిర్ కనెక్షన్లు 2023 నుంచి వచ్చాయి. మేడ మీద గదికి విడిగా ఇంకో కనెక్షన్ అన్నమాట. ఇంటి వైర్లతో సంబంధమే లేదు. నెలనెలా రెండు బిల్లులు కట్టడం మీకు బాధ కాకపోతే, ఉద్యోగం దాని మీదే ఆధారపడి ఉంటే, ఒకటి పోయినప్పుడు ఇంకోటి ఆదుకుంటుంది. ముందు మీ ఫోన్‌లో ఆ కంపెనీ సిమ్ వేసి, అదే గదిలో సాయంత్రం పూట స్పీడు చూసుకోండి.

ఎవరికి ఏది

అద్దె పోర్షన్‌లో ఉన్నవాళ్లు, పోర్షన్ అంతా ఒకే మీటర్ మీద ఉంటే, పవర్‌లైన్‌కే నా ఓటు. గోడ ముట్టుకోవక్కర్లేదు, ఇల్లు మారినరోజు ప్లగ్‌లోంచి పీకి సంచిలో వేసుకుని పోవచ్చు. కొత్త ఇంట్లోనూ ఇలాగే పనిచేస్తుందని మాత్రం అనుకోవద్దు. వైరింగ్ మారితే దాని జాతకం మారుతుంది.

ఓనరు కింద, కొడుకూ కోడలూ పైన, రెండు మీటర్లు. ఇలాంటి ఇళ్లు భవానీ నగర్‌లో, తిరుచానూరు రోడ్డులో బోలెడు. రెండు మీటర్ల మధ్య పవర్‌లైన్ ఒక్కోసారి పనిచేస్తుంది, దాన్ని నమ్ముకుని ఉద్యోగం చెయ్యలేం. కేబులు వేయించండి. బయటి గోడ వెంబడి పది పన్నెండు మీటర్ల పని.

లాడ్జీ, హాస్టల్ నడిపేవాళ్లు పవర్‌లైన్ జోలికి పోవద్దు. ఎన్ని అడాప్టర్లు పెట్టినా ఆ ఉన్న సామర్థ్యాన్నే అందరూ పంచుకోవాలి. పది గదుల్లో పది చార్జర్లు, గీజర్లు, ఎవరో తెచ్చుకున్న రైస్ కుక్కర్. అంతస్తుకొక యాక్సెస్ పాయింట్ (కేబులులో వచ్చే నెట్‌ను వై-ఫైగా ఇచ్చే పెట్టె) పెట్టి, కేబులులోనే దానికి కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్ వాడండి. ఆ స్విచ్‌నూ రౌటర్‌నూ ఒక యూపీఎస్ మీద పెడితే కరెంటు పోయినా యాత్రికులు కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడరు.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి తోటలవాళ్లు ఈమధ్య మోటారు షెడ్డు దగ్గర కెమెరా పెట్టుకోవాలని అడుగుతున్నారు. కాయ కోతకొచ్చే రోజుల్లో కాపలా కోసం. ఇంటినుంచి షెడ్డుకు కరెంటు లైను ఉంది కదా, పవర్‌లైన్ పెడదామా అని. ఆ లైను ఇంటి కనెక్షన్‌ది కాదు, వ్యవసాయ సర్వీసు. వేరే ఫీడరు, త్రీ ఫేజ్, రోజంతా ఉండేది కాదు, మోటారు ఆన్ చేసినప్పుడల్లా గోల. రాగి కేబులు లాగినా 100 మీటర్లు దాటితే అందదు, ఉరుములూ పిడుగుల కాలంలో రెండు చివర్లలో ఉన్న పెట్టెలను తగలబెడుతుంది. తోటకు ఫైబర్ లాగడం మేలు, గాజు తీగకు పిడుగు భయం లేదు. లేదంటే ఎదురెదురుగా చూసుకునే వైర్‌లెస్ బ్రిడ్జి జత. మధ్యలో చెట్లు అడ్డం రాకుండా ఎత్తున కట్టాలి. వేసవిలో పెట్టినప్పుడు బాగుండి వానల తర్వాత కొమ్మలు పెరిగాక ఆగిపోయినవి నేను చూశాను.

పవర్‌లైన్‌కే సిద్ధపడితే వెనక్కి తీసుకునే గడువున్న చోట కొనండి, బిల్లు దాచుకోండి. పెట్టిన రోజు మధ్యాహ్నం ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు టెస్ట్ చేసి మురిసిపోవద్దు. పొద్దున ఏడున్నరకు, కింద మిక్సీ తిరుగుతూ, నీళ్ల మోటారు ఆన్‌లో ఉండి, గీజర్ వెలుగుతూ ఉన్నప్పుడు పైన వీడియో కాల్ పెట్టి పది నిమిషాలు మాట్లాడి చూడండి. మా మేనల్లుడి గదిలో అప్పుడు 35 వచ్చింది. మధ్యాహ్నం 90. ఆ 35 చాలన్నాడు, ఉంచేశాం.